తడి ఎక్కడ మిగిలిందో చూడండి

పోయిన సంచికలో "ఎండినవీ, ఎండుతున్నవీ ఫొటోలు తీసి పంపండి, సందేహాలుంటే అడగండి" అని రాశాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. మిరప కళ్ళాలు, వడియాలు, ఎండు చేపలు, చెరువులు, టేకు ఆకులు, మేడ మీద ఆరేసిన స్కూలు యూనిఫాం కూడా వచ్చింది. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు. ఎక్కువమంది అడిగినవీ, నాకు బాగా తెలిసినవీ తీసుకున్నాను.

జవాబుల్లోకి వెళ్ళే ముందు ఒక్క మాట. మీ ఫొటోలన్నీ ముందేసుకుని రెండు రోజులు కూర్చున్నాను. చాలామంది ఎండిపోయినదాన్ని తీశారు. ఎండుతూ ఉన్నదాన్ని చూసినవాళ్ళు తక్కువ. ఏదీ అన్ని వైపులా ఒక్కసారిగా ఎండదు. వడియం అంచు ముందు ఆరుతుంది, నడుమ తర్వాత. చీర పైన ఆరిపోయి కింద కుచ్చిళ్ళ దగ్గర ఇంకా కారుతూ ఉంటుంది. మిరపకాయ ఒళ్ళంతా ముడతలు పడ్డాక కూడా తొడిమలో పచ్చదనం ఉంటుంది. ఆ ఆఖరి తడి ఎక్కడ ఉందో వెతకండి. కెమెరా అక్కడ పెట్టండి. నేను ముప్పయ్యేళ్ళుగా చేస్తున్నది అదే.

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర పల్లె. మా కళ్ళంలో మిరపకాయలు తీస్తే ఎర్రటి ముద్దలా వస్తోంది. కాయకి కాయ విడిగా కనపడదు. మా అన్నయ్య మంచి కెమెరానే కొనిచ్చాడు. తప్పు నాదా, కెమెరాదా?

జవాబు: ఇద్దరిదీ కాదమ్మా, ఎరుపుది. కెమెరా లోపల వెలుతురును మూడు గిన్నెల్లో పట్టుకుంటుందనుకో. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. మామూలు బొమ్మలో మూడూ కాస్త అటూ ఇటూగా నిండుతాయి. మిరప కళ్ళం మీద ఎరుపు గిన్నె అంచు దాటి పొర్లిపోతుంది, మిగతా రెండూ అడుగునే ఉంటాయి. మొత్తం మీద వెలుతురు సరిపోయిందని కెమెరా అనుకుంటుంది. కానీ పొర్లిపోయిన ఎరుపులో కాయ మీది ముడతలూ, మెరుపూ, నీడా అన్నీ కొట్టుకుపోతాయి. ముద్ద మిగులుతుంది.

అందుకని ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరా పట్టే వెలుతురును, ఒక మెట్టు తగ్గించు. నీ కెమెరాలో మైనస్ 0.7 నుంచి మైనస్ 1 వరకు తగ్గించి చూడు. తెర మీద కొంచెం చీకటిగా అనిపిస్తుంది, కంగారు పడకు. రంగులు దట్టంగా చేసే 'వివిడ్' లాంటి సెట్టింగ్ ఉంటే తీసేయ్. 'రా' ఫైలుగా, అంటే కెమెరా తన మార్పులేవీ చేయని ఫైలుగా, తీసే వీలుంటే అలాగే తియ్యి, ఇంటికొచ్చాక ఎరుపు ఒక్కదాన్నీ తగ్గించుకోవచ్చు. హిస్టోగ్రామ్‌ను, అంటే ఎంత వెలుతురు పడిందో చూపే గీతల పటాన్ని, మూడు రంగులుగా విడివిడిగా చూపించేలా కెమెరాలో పెట్టుకో. ఎరుపు గీత కుడి గోడకి గుద్దుకుంటుంటే ఇంకా తగ్గించాలి.

ఇక వేళ. నువ్వు పంపిన ఫొటోలన్నీ పన్నెండు గంటలకి తీసినవి. నీడలు కాయల కిందే దాక్కున్నాయి. మా నాన్న కూడా మిరప రైతే. ఆయన కళ్ళంలో నేను ఫొటోలు నేర్చుకున్నది పొద్దున ఏడింటికి, పట్టాలు తీసేటప్పుడు. రాత్రి మంచు పడి కాయ రంగు పోకుండా కుప్ప చేసి పట్టా కప్పుతారు కదా. పొద్దున ఆ పట్టా లాగగానే లోపల్నుంచి వెచ్చటి ఆవిరీ, ఘాటూ కలిసి మొహానికి కొడతాయి. పట్టా లోపలివైపు సన్నటి నీటి బొట్లు వరసగా అంటుకుని ఉంటాయి. ఏటవాలు ఎండ ఆ బొట్ల మీద పడే సమయం పది నిమిషాలకి మించి ఉండదు. నీ కళ్ళంలో ఆఖరి తడి ఆ పట్టా మీద ఉంది, దాన్ని ఎవరూ తియ్యలేదు.

ఇంకొకటి చెప్తాను. కోసిన రోజు నుంచి రోజుకో కాయ ఒకే తెల్ల కాగితం మీద పెట్టి తియ్యి. కాయలు బాగా ఎండటానికి ఎండని బట్టి పది పదిహేను రోజులు పడుతుంది. మొదటి రోజు కాయ బిగువుగా, అద్దంలా ఉంటుంది. నీ నీడ కూడా దానిలో కనపడుతుంది. నాలుగో రోజుకి చర్మం వదులై, పొడుగునా గాడి పడుతుంది. పక్క నుంచి వెలుతురు పడితే ఆ గాడి ఒక్కటే ఫొటోకి చాలు. ఎనిమిదో రోజుకి మెరుపు తగ్గి, తోలులా, ముదురు రంగుకి తిరుగుతుంది. ఆఖర్న చెవి దగ్గర పెట్టి ఊపితే గింజలు గలగలమంటాయి. మా నాన్న ఆ చప్పుడు విని "ఇంక టిక్కీలకెత్తొచ్చు" అనేవాడు. టిక్కీలంటే మిరప బస్తాలు.

తాలుకాయల్ని మర్చిపోకు. ఎరుపంతా ఒకటే అయినప్పుడు కంటికి ఆగే చోటు కావాలి. ఆడవాళ్ళు కూర్చుని ఏరి పక్కన పోసిన ఆ తెల్లటి, పసుపు పచ్చటి కాయల కుప్ప ఆ చోటు ఇస్తుంది. రైతుకి అది నష్టం, తాలుకి ధర రాదు. ఆ కుప్ప చిన్నదా పెద్దదా అన్నది ఫొటో చూసిన రైతుకి వెంటనే అర్థమవుతుంది. గుంటూరు యార్డుకి కూడా వెళ్ళి తియ్యి, ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్లలో అది ఒకటి. కానీ అక్కడ ఉండేది ఎండిన సరుకు. ఎండటం నీ కళ్ళంలోనే ఉంది.

కళ్ళంలో లెన్స్ మార్చకు. ఘాటు దుమ్ము లోపలికి పోతే వెలుతురు పట్టే సెన్సర్ మీద మచ్చలు పడతాయి. ముక్కుకి గుడ్డ కట్టుకో, కాయలు పట్టుకున్న చేత్తో కళ్ళు తుడుచుకోకు.

ప్రశ్న: హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్. మా అత్తయ్యగారు ప్రతి ఎండాకాలం టెర్రస్ మీద వడియాలు పెడతారు, మాగాయ ముక్కలు ఎండబెడతారు. నా దగ్గర ఫోనే ఉంది. తెల్లటి పంచె మీద తెల్లటి వడియాలు తీస్తే అంతా బూడిద రంగులో వస్తోంది. ఎలా?

జవాబు: తెల్లదనం ఎక్కువగా కనపడితే ఫోన్ కెమెరా భయపడి వెలుతురు తగ్గించేస్తుంది. అందుకే బూడిద రంగు. మిరపకాయలకి తగ్గించమన్నాను కదా, ఇక్కడ పెంచాలి. తెర మీద వడియం దగ్గర వేలు పెట్టి అదిమి ఉంచండి, ఫోకస్ అక్కడ ఆగిపోతుంది. పక్కనే చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని పైకి జరపండి. పంచె నేత పోగులు కనపడుతూ ఉండగానే ఆపండి. పోగులు మాయమైతే ఎక్కువ పెంచినట్టు.

సగ్గుబియ్యం వడియాలయితే వెలుతురు వెనకనుంచి రావాలి. సాయంత్రం నాలుగున్నర, అయిదు మధ్య సూర్యుడికి ఎదురుగా కింద కూర్చుని, ఫోన్‌ను దాదాపు నేలకి ఆనించి తీయండి. పొద్దున పెట్టిన వడియంలో సాయంత్రానికి అంచు గాజులా పారదర్శకంగా అయి, కొద్దిగా పైకి లేచి ఉంటుంది. నడుమ మాత్రం పాలరంగులో మెత్తగా, వేలు పెడితే అంటుకునేలా ఉంటుంది. ఆ పాలరంగు రేపటికి ఉండదు. అది తీయండి. గుమ్మడి వడియాలకి ఈ పద్ధతి కుదరదు, వాటి గుండా వెలుతురు రాదు. మినప్పిండిలో బూడిద గుమ్మడి తురుము కలిసిన ఆ గరుకుదనం కోసం పక్క వెలుతురు కావాలి. వాటిని పొద్దున్నే తీయండి.

మాగాయ సంగతి వేరు. ఉప్పులో ఊరిన ముక్కల్ని పిండి ఎండబెడతారు, ఆ ఊటను కూడా గిన్నెలో ఎండలో పెడతారు, తర్వాత రెండూ మళ్ళీ కలుస్తాయి. ముక్కలు ఒకచోట, వాటిలోంచి వచ్చిన నీరు ఒకచోట, రెండూ ఒకే ఎండలో. వాటిని ఒకే ఫొటోలో పెట్టండి. మీరు పంపిన ఫొటోలో ఊట గిన్నెను పక్కకి జరిపేసి తీశారు, అందంగా లేదనుకున్నారేమో. అదే ప్రాణం.

ఇంకొకటి మీ అత్తయ్యగారిని అడిగి తీయండి. ఎండిన వడియాలు గుడ్డని వదలకపోతే, గుడ్డను తిరగేసి వెనక నీళ్ళు చిలకరించి ఒలుస్తారు. మూడు రోజులు ఎండబెట్టినదాన్ని ఒక్క క్షణం మళ్ళీ తడపడం. ఆ చెయ్యి, ఆ చిలకరింపు, గుడ్డ మీద తడి మరకలు. ఫోన్‌లో ఒకేసారి వరసగా తీసే బర్స్ట్ వాడితే ఒక్కటైనా బాగా వస్తుంది. మొహం తీయాలంటే మాత్రం ముందే చెప్పండి, పెద్దవాళ్ళకి చీర సర్దుకునే సమయం ఇవ్వాలి. ఫోన్‌ను ఎండలో నేల మీద వదిలేయకండి, వేడెక్కి కెమెరా ఆగిపోతుంది.

ప్రశ్న: మేడమ్, నేను అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. ఎండిపోయిన చెరువు బీటలు తీసి కాలేజీ పోటీకి పంపితే "ఇది అందరూ తీసేదే, మనిషి లేడు" అన్నారు. ఒక రైతుని తలమీద చెయ్యి పెట్టుకుని కూర్చోమని అడగొచ్చా? దగ్గర్లో ఒక పశువు పుర్రె ఉంది, తెచ్చి పెట్టొచ్చా?

జవాబు: వద్దు బాబూ. రెండూ వద్దు. కోపంతో చెప్పడం లేదు, నీ వయసులో నాకూ అలాంటి ఆలోచనలే వచ్చేవి.

నీలాగే ఒకాయన పుర్రె జరిపాడు. ఆయన పేరు ఆర్థర్ రోత్‌స్టీన్. 1936లో అమెరికాలో పెద్ద కరువు. ప్రభుత్వం తరఫున దక్షిణ డకోటాలో ఫొటోలు తీస్తూ, ఎండిపోయిన పశువు పుర్రె ఒకటి చూశాడు. వెలుతురు కోసం, నీడ కోసం దాన్ని కొన్ని అడుగులు అటూ ఇటూ జరిపి, బీటల నేల మీదా గడ్డి మీదా రకరకాలుగా తీశాడు. అది ఎన్నికల ఏడాది. ఒకే పుర్రె వేర్వేరు చోట్ల ఉన్న సంగతి పత్రికలు పట్టుకున్నాయి. ఇదంతా నాటకమని, కరువే అబద్ధమన్నట్టు ప్రచారం చేశారు. కరువు నిజం. పుర్రె నిజం. జరిపిన ఆ కొన్ని అడుగుల వల్ల నిజం మీదే అనుమానం పడింది. రేపు నీ ఫొటో చూసి ఎవరైనా "ఆ రైతును కూర్చోబెట్టి తీశారట" అంటే, నష్టపోయేది నువ్వు ఒక్కడివే కాదు.

మీ సీమకి ఈ అనుభవం ఇంకా పాతది. 1876-78 మద్రాసు కరువులో బళ్ళారి, కర్నూలు, కడప వైపు జనం ఘోరంగా చనిపోయారు. విల్లోబీ హూపర్ అనే సైనికాధికారి ఆ కరువులో ఎముకలు తేలిన మనుషుల్ని గుంపులుగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. అవి ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఫొటోల్లోని మనుషుల పేర్లు మాత్రం మనకి మిగల్లేదు. నువ్వు రైతు ఫొటో తీస్తే పేరు అడుగు, ఊరు అడుగు, ఏం వేశాడో, ఎంత పోయిందో అడిగి రాసుకో. ఆయన ఆ రోజు నవ్వుతూ బీడీ కాలుస్తుంటే అలాగే తియ్యి. కరువులో కూడా మనుషులు నవ్వుతారు.

ఇక బీటల గురించి. మీ జిల్లాకి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకి అటూ ఇటూగానే వాన. చెరువు నిండటమే తక్కువ, ఎండటం చూసే అవకాశం నీకు బాగానే ఉంది. ఎండిపోయాక వెళ్ళకు, ఎండుతుండగా వెళ్ళు. ఒండ్రు బురద ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది. పై పొర ముందు ఆరి కుంచించుకుంటే, కింద తడిగా ఉన్న పొర దాన్ని పట్టి ఉంచుతుంది. ఆ లాగుడుకి తెగి నెర్రె పడుతుంది. మొదట పడ్డ నెర్రెలోకి తర్వాతది వచ్చి చాలావరకు నిలువుగా, మూలమట్టంగా కలుస్తుంది. అందుకే ఏది ముందు పడిందో చూసి చెప్పొచ్చు. ఒకసారి ఆ చూపు వచ్చిందంటే బీటల నేల నీకు ఒకేలా కనపడదు.

వంగి నెర్రె లోపలికి చూడు. పైన సున్నంలా తెల్లబడిన నేల, నాలుగు వేళ్ళ లోతున ముదురు రంగులో చల్లగా ఉంటుంది. చెయ్యి పెడితే తెలుస్తుంది. నేను ఒకసారి అలా వంగి చూస్తే, ఆ చల్లదనంలో గోరంత కప్పపిల్ల కూర్చుని ఉంది. నా నీడ పడగానే లోపలికి జరిగింది. ఫొటో సరిగా రాలేదు, చేతులు వణికాయి. కానీ అప్పటి నుంచీ నేను బీటల్ని పైనుంచి తీయడం మానేశాను. నత్తగుల్లలు, కొంగ అడుగులు, గేదె గిట్ట దిగి గట్టిపడిన గుంట, వీటన్నిటిలో ఇక్కడ నీళ్ళు ఉన్న రోజుల గుర్తులుంటాయి. గిట్ట గుంటలో ఆఖరి నీళ్ళు రెండు రోజులు ఎక్కువ నిలుస్తాయి, పక్షులు అక్కడికే వస్తాయి. "మనిషి లేడు" అన్నారు కదా. ఆ గిట్ట గుర్తు వెనక గేదె ఉంది, గేదె వెనక మనిషి ఉన్నాడు. చూసేవాళ్ళకి అంతవరకు అందేలా తియ్యి.

వాన పడ్డాక అదే చోట, అదే రాయి పక్కన నిలబడి మళ్ళీ తియ్యి. రెండూ కలిపి పోటీకి పంపు.

ప్రశ్న: కాకినాడ దగ్గర సముద్రం ఒడ్డున ఎండు చేపలు ఆరబెట్టే చోట ఫొటోలు తీస్తుంటే ఆడవాళ్ళు తిడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: వాళ్ళు తిట్టడంలో న్యాయం ఉంది తమ్ముడూ. వాళ్ళు ఎండలో వంగి పనిచేస్తుంటారు, చీర మోకాళ్ళ దాకా ఎగదోపి ఉంటుంది. నువ్వు పొడుగు లెన్స్‌తో దూరం నుంచి తీస్తుంటావు. నీ ఇంట్లోవాళ్ళని అలా తీస్తే ఊరుకుంటావా?

మొదటి రోజు కెమెరా తియ్యకు. కిలో నెత్తళ్ళు కొను. ధర అడుగు, ఏ రోజు పట్టినవో అడుగు, ఉప్పు వేశారా వట్టివే ఆరబెట్టారా అడుగు. చేపల మధ్య నడిచేటప్పుడు ఎక్కడ కాలు పెట్టాలో వాళ్ళనే చూపించమను, ఆరబోసిన చేపని తొక్కడం అన్నం తొక్కినట్టే. రెండోసారి వెళ్ళినప్పుడు అడిగి తియ్యి. మూడోసారి వెళ్ళినప్పుడు ప్రింట్లు తీసుకెళ్ళి ఇవ్వు. ఫోన్‌లో చూపిస్తే చాలదు, కాగితం మీద చేతికివ్వాలి. నేను కొత్తలో ఒకావిడ ఫొటో అడక్కుండా తీసి అచ్చుకి ఇచ్చాను. పిల్ల పెళ్ళి సంబంధం మాట్లాడుకునే రోజుల్లో అది వాళ్ళ చుట్టాల కంటపడింది. ఆవిడ నన్ను వెతుక్కుంటూ వచ్చి ఏమీ అనలేదు, ఏడ్చింది. అప్పటి నుంచి అడక్కుండా ఒక్క మొహం తియ్యలేదు.

చేపల విషయానికొస్తే, వెండి మెరుపు నడినెత్తి ఎండలో తెల్లగా కాలిపోతుంది. సాయంత్రం వెనక వెలుతురులో నెత్తళ్ళని తియ్యి, ఎండేకొద్దీ వాటి ఒళ్ళు తేనె రంగులో పారదర్శకంగా అయి వెన్నుముల్లు గీతలా కనపడుతుంది. రిబ్బనులా పొడుగ్గా ఉండే సావిడాయిలు తాడు మీద వేలాడుతుంటే గాలికి ఊగుతాయి, షట్టర్ వేగం సెకనులో 1/500 వంతు పెట్టు. వాసన ఫొటోలో ఎలా చూపించాలని కూడా అడిగావు. కాకులు, పిల్లులు, గాలివాటుకి ఎదురుగా కొంగు మూతికి అడ్డం పెట్టుకున్న దారిన పోయేవాళ్ళు. వాసన అలా కనపడుతుంది.

ప్రశ్న: ఆదిలాబాద్ అడవిలో మార్చిలో తీసిన మోడు చెట్ల ఫొటోకి "కరువు కోరల్లో అడవి" అని శీర్షిక పెట్టి పంపాను. మీరు వేసుకోలేదు. ఎందుకు?

జవాబు: ఫొటో బాగుందండి, శీర్షిక తప్పు. అవి టేకు చెట్లు, బతికి ఉన్నాయి. ఎండాకాలంలో నీరు పోగొట్టుకోకుండా ఆకు రాల్చేస్తాయి, వానలు మొదలయ్యే వేళకి మళ్ళీ చిగురిస్తాయి. మీ ఫొటో మూలలోనే మోదుగ ఒకటి ఒక్క ఆకు లేకుండా నిలువెల్లా పూసి ఉంది, మీరు గమనించలేదు. కరువు కాదు, అది దాని ఋతువు. అదే ఫొటోను మోదుగ కనపడేలా కత్తిరించి మళ్ళీ పంపండి, వేసుకుంటాం. నేల మీద రాలిన టేకు ఆకుల్లో పురుగు తినేసి ఈనెలు మాత్రమే మిగిల్చినవి ఉంటాయి, జల్లెడలా. ఒకటి ఏరి ఆకాశానికి ఎదురుగా పట్టుకుని తీయండి.

ప్రశ్న: పెదనలో మాకు కలంకారీ పని. తడి గుడ్డ ఫొటోలో రంగు ఒకలా, ఆరాక ఇంకోలా వస్తోంది. కొనేవాళ్ళు గొడవ పడుతున్నారు. ఏది సరైన రంగు?

జవాబు: అమ్మకానికి ఆరిన రంగే సరైనది. గుడ్డ తడిసినప్పుడు పోగుల మధ్య ఖాళీల్లో నీరు నిండి, వెలుతురు లోపలికి ఎక్కువ దూరం పోతుంది. తిరిగి కంటికి వచ్చేది తగ్గుతుంది. అందుకే తడి గుడ్డ ముదురుగా కనపడుతుంది, రంగు మారలేదు. పూర్తిగా ఆరిన గుడ్డను నీడలో, పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీయండి. ఆ కాగితం ఫొటోలో తెల్లగానే ఉంటే రంగులు సరిగ్గా వచ్చినట్టు. నీలంగా కనపడితే వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపును తెలుపుగా చూపే సెట్టింగ్, సరిచేయాలి.

అమ్మకం పక్కన పెడితే, మీ దగ్గర నాకు అసూయ పుట్టించే దృశ్యం ఒకటి ఉంది. కరక్కాయ నీళ్ళలో ముంచి తీసిన గుడ్డలు లేత పసుపులో ఆరుతుంటాయి. ఉడకబెట్టి కాలవలో జాడించిన గుడ్డల్ని గడ్డి మీద పరిచి నీళ్ళు చల్లుతూ ఎండకి తెల్లబరుస్తారు. ఒకే పొలంలో ఒక గుడ్డ సగం తడి, సగం పొడి. తడి సగంలో ముదురు ఎరుపు, పొడి సగంలో లేత ఎరుపు, మధ్యలో తడి అంచు ఒక గీతలా వెనక్కి జరుగుతూ ఉంటుంది. కొనేవాళ్ళు గొడవ పడే ఆ తేడానే మీరు ఫొటో చేయొచ్చు.

ప్రశ్న: సిరిసిల్ల దగ్గర ప్రభుత్వ బడిలో టీచర్‌ని. పిల్లలతో ఖర్చు లేకుండా ఏదైనా చేయించాలి. ఒక్క ఫోనే ఉంది.

జవాబు: మాస్టారూ, తడి ముగ్గు. బియ్యప్పిండి నీళ్ళలో కలిపి గచ్చు మీద వేయించండి. వేసినప్పుడు దాదాపు కనపడదు, ఆరేకొద్దీ తెల్లగా పైకి తేలుతుంది. ఫోన్‌ను కుర్చీకి కట్టేసి, రెండు నిమిషాలకో పిల్ల చొప్పున వంతులవారీగా నొక్కమనండి. ఫోకస్, వెలుతురు ముందే అదిమి లాక్ చేయండి, లేకపోతే ప్రతి ఫొటోలో తేడా వస్తుంది. ఇరవై ఫొటోల్లో ముగ్గు దానంతటదే పుడుతుంది. ఎండటం అంటే ఏదో పోవడమే అనుకునే పిల్లలు, ఇక్కడ ఒకటి రావడం చూస్తారు.

ప్రశ్న: డాలస్ నుంచి రాస్తున్నాను. రెండేళ్ళ క్రితం అమ్మ పంపిన మామిడి ఒరుగులు ఆఖరి ప్యాకెట్టు ఉంది. అమ్మ పోయిన ఏడాది పోయింది. వండే ముందు వాటిని ఫొటో తీసుకోవాలని ఉంది. ఎలా తీసినా ఎండిపోయిన చెక్క పేళ్ళలా వస్తున్నాయి.

జవాబు: మీ ఉత్తరం చదివి కాసేపు పక్కన పెట్టాను. మా ఇంట్లోనూ అలాంటి డబ్బా ఒకటి ఉంది.

పొద్దున ఉత్తరం వైపు కిటికీ దగ్గర బల్ల వేసుకోండి, లైట్లన్నీ ఆర్పేయండి. ముక్కలన్నీ పోసి తీయకండి. ఒక్కటి. కింద మీ అమ్మగారు ప్యాకెట్టు కట్టిన కవరు గానీ, కాగితం గానీ పెట్టండి. వెలుతురు ఒక పక్కనుంచే రావాలి, రెండో పక్క తెల్ల కాగితం నిలబెడితే నీడ మరీ నల్లబడదు. ఫోన్‌ని ముక్కకి మరీ దగ్గరగా పెడితే ఫోకస్ పోతుంది, జానెడు దూరంలో ఉంచి జూమ్ 2 పెట్టండి.

ఇప్పుడు ముక్కని తిప్పుతూ చూడండి. ఒక పక్క తొక్క నల్లబడి ముడుచుకుని ఉంటుంది. రెండో పక్క కండ, పసుపు అద్దిన రంగు, అక్కడక్కడా ఉప్పు మెరుస్తూ. ఆ కండ మీద కత్తిపీట దిగిన గీతలు ఉంటాయి, ఒక చివర నుంచి మొదలై కొద్దిగా వంపు తిరుగుతూ. ప్రతి మనిషీ ముక్కని ఒకలా తోస్తారు కాబట్టి ఆ వంపు మీ అమ్మగారి చేతిది. మీరు పంపిన ఫొటోలో ఆ పక్క కిందికి ఉంది. పైకి తిప్పండి.

ఆ తర్వాత గాజు గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పోసి ఆ ముక్కని వేయండి. కిటికీ వెలుతురు గిన్నె వెనక నుంచి వచ్చేలా పెట్టండి. ముందు ఉప్పు నీళ్ళలోకి సన్నటి తీగలా దిగుతుంది, జాగ్రత్తగా చూస్తే కనపడుతుంది. తర్వాత పసుపు. పావుగంటకి అంచులు మెత్తబడి విచ్చుకుంటాయి. ముక్క కోసిన రోజున ఉన్న ఆకారానికి దగ్గరగా వస్తుంది. అప్పుడు ఇంకొకటి తీయండి.

ఆ నీళ్ళు పారబోయకండి, పప్పులో పోయండి.